కర్నూలంత దేశం



ఈ ఉపన్యాసం ఒక డ్రిల్లు సారు పేరున ఏర్పాటైంది. ఆయన గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. మీలో సగం మంది ఆయన చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే. కాబట్టి పొగడ్తల జోలికి పోకుండా ఆయనకిష్టమైన ఆట, ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను.

2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి కర్నూలు జిల్లా జనం 40 లక్షల 53 వేలు. 2021లో క్రొయేషియా అనే దేశం తన జనాన్ని లెక్కపెట్టుకుంటే 38 లక్షల 70 వేలు తేలారు. అంటే మన ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల, ఆళ్ళగడ్డ అన్నీ కలిపితే ఎంతమందో, అంతకంటే కాస్త తక్కువ. ఆ కొద్దిమంది 1998లో ప్రపంచ కప్పులో మూడో స్థానం, 2018లో రెండో స్థానం, 2022లో మళ్ళీ మూడో స్థానం తెచ్చుకున్నారు.

ప్రపంచ కప్పు వచ్చినప్పుడల్లా మన టీ అంగళ్ళ దగ్గర ఒక మాట వినబడుతుంది: నూట నలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకలేదా అని. ఆ లెక్క నాకు ఎప్పుడూ పొసగలేదు. కోట్లను పక్కన పెట్టి మనం తూకం వేయగలిగిన కొలతతో చూద్దామనే కర్నూలు జిల్లాను ఎత్తుకున్నాను. పిల్లోని కాలి దగ్గరికి బంతి వచ్చిన రోజు నుంచి వాడు దాంతో బువ్వ తినే రోజు దాకా మధ్యలో ఎన్ని మెట్లున్నాయి, ఏ మెట్టు విరిగింది అన్నదే అసలు సంగతి.

వాళ్ళకు నేల బాగుంది, నీళ్ళున్నాయి, అందుకే ఆడతారనుకునేరు. క్రొయేషియాకు సముద్రతీరం ఉంది, నిజమే. ఆ తీరం వెనక కొండల అవతల జాగోరా అనే సీమ ఉంది. అంతా సున్నపురాయి. కురిసిన వాన కురిసినట్టే రాతి నెర్రెల్లోకి దిగిపోతుంది. పొలంలో రాళ్ళు ఏరి గట్లుగా పేర్చి, ఆ గట్ల మధ్య మిగిలిన కాస్త మట్టిలో ద్రాక్ష పండించుకుంటారు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల గనుల మధ్య తిరిగినవాళ్ళకు ఆ నేల గురించి నేను విడమరచి చెప్పనక్కర్లేదు. బతుకు లేక అక్కడి మగవాళ్ళు తరాల తరబడి జర్మనీకి కూలికి పోయారు. మన రాయచోటి, రాజంపేట వాళ్ళు కువైట్‌కు పోయినట్టే.

ఆ సీమలో ఇమోత్‌స్కి అని ఒక చిన్న పట్నం ఉంది. 1998 జట్టు నాయకుడు జ్వొనిమిర్ బోబాన్‌ది ఆ ఊరే. ఊరి పక్కన కొండ కుంగి ఏర్పడిన పెద్ద గుంతలో ఒక సరస్సు ఉంది, పేరు నీలి సరస్సు. ఎండలు ముదిరిన ఏళ్ళల్లో అది అడుగంటిపోతుంది. అప్పుడు ఊరివాళ్ళు దాని అడుగుకు దిగి గోలుపోస్టులు పాతి ఆట ఆడతారు. రెండు జట్లు, ఒకటి వనదేవతలది, ఇంకొకటి తోడేలు మనుషులది. ఊరంతా చుట్టూ రాతి వాలు మీద కూర్చుని చూస్తుంది. చెరువు ఎండితే మన పిల్లోళ్ళూ దిగుతారు, కాకపోతే చేతిలో క్రికెట్ బ్యాటుంటుంది.

ఆట అక్కడికి ఎలా వచ్చిందంటే మనకు వచ్చినట్టే, ఇంగ్లీషువాళ్ళ వెంట వచ్చింది. 1880లో జూపాన్యా అనే ఊళ్ళో ఓక్ చెక్క నుంచి తోళ్ళు పదునుచేసే సారం తీసే ఇంగ్లీషు ఫ్యాక్టరీ పెడితే, ఆ సిబ్బంది తెచ్చిన బంతి దేశంలో తొలి బంతుల్లో ఒకటి. మనకు దండుతోనూ మిషన్ బడులతోనూ వచ్చింది. తేడా తర్వాతి అంకంలో ఉంది. 1911లో స్ప్లిట్ పట్నం నుంచి ప్రాగ్‌కు చదువుకోను పోయిన కుర్రాళ్ళు కొందరు అక్కడి ‘ఉ ఫ్లెకు’ అనే బీరుశాలలో కూర్చుని, మన ఊరికీ ఒక క్లబ్బు ఉండాలని తీర్మానించుకున్నారు. అదే హైదుక్ స్ప్లిట్. ఊరు పెట్టుకున్న క్లబ్బు, ఏ దొరా ఇచ్చింది కాదు. నూరేళ్ళు దాటినా అదే పేరు, అదే ఊరు.

ఆ క్లబ్బు కథలో ఒక ఘట్టం దగ్గర కాసేపు ఆగుతాను. 1941లో ఇటలీ సైన్యం స్ప్లిట్‌ను ఆక్రమించింది. మా లీగ్‌లో ఆడండి, అన్నీ మేం చూసుకుంటాం అని ఆశ పెట్టింది. క్లబ్బు ఒప్పుకోలేదు, ఆటే మానేసింది. 1944లో ఆటగాళ్ళు ఒక్కొక్కరే విస్ అనే దీవికి చేరుకున్నారు. ఆక్రమణదారులతో పోరాడుతున్న పార్టిజాన్ సైన్యం అక్కడే ఉంది. అక్కడ మళ్ళీ జట్టు కట్టి, ఆ సెప్టెంబరులో ఇటలీలోని బారి పట్నంలో బ్రిటిష్ సైన్యం జట్టుతో ఆడారు. వేల మంది సైనికులు చూస్తుండగా 7-2తో ఓడిపోయారు. ఓడిన ఆ ఆటను స్ప్లిట్ వాళ్ళు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. యుద్ధం అయ్యాక, రాజధాని బెల్‌గ్రేడ్‌కు రండి, సైన్యం జట్టుగా ఉండండి అన్నా వెళ్ళలేదు. ఇలాంటి మొండితనం మన రేనాటి వాళ్ళకు బాగా అర్థమవుతుంది.

ఇక మనకూ వాళ్ళకూ ముఖాముఖి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు, అప్పట్లో క్రొయేషియా కూడా భాగంగా ఉన్న యుగోస్లావియాతో తలపడింది. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. 10-1. ఆ పదింటిలో నాలుగు జెబెట్స్ కొట్టాడు, రెండు వూకాస్ కొట్టాడు. ఇద్దరూ జాగ్రెబ్‌లో పుట్టినవాళ్ళు. గోల్‌లో నిలబడ్డ బేరా, నేను చెప్పిన ఆ రాతి సీమవాడు. మన వైపు కోచ్ హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

ఆ దెబ్బకు ఇంకొకరైతే ఇంటికి పోయి తలుపేసుకునేవాళ్ళు. రహీం సాబ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో హంగరీ ఆడుతున్న తీరును జాగ్రత్తగా గమనించి మన జట్టును తిరిగి అల్లాడు. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది ఆయన హైదరాబాద్ పిల్లల కోసం పెట్టిన పోటీలు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని తిప్పకూడదు, వచ్చింది వచ్చినట్టే అందించాలి. ఇంకో పోటీలో వాటం కాని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటమున్న పిల్లోడు ఎడమకాలితో తడబడి తడబడి చివరికి రెండు కాళ్ళూ ఒక్కటే చేసుకుంటాడు. ఖర్చు? ఒక బంతి, ఒక విజిలు. మన డ్రిల్లు పీరియడ్లలో ఈ పని ఎందుకు జరగదో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. లెక్కల సారు సిలబస్ కాలేదని ఆ పీరియడ్ లాక్కోవడం ఒక కారణం అనుకోండి, దాని గురించి ఇక్కడ మాట్లాడితే గొడవలవుతాయి.

నాలుగేళ్ళకు మెల్‌బోర్న్. తేదీలు చూడండి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మూడేళ్ళు రాజధానిగా ఉన్న మన కర్నూలు నుంచి ఫైళ్ళన్నీ హైదరాబాద్‌కు తరలిపోయాయి. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న, భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్‌కు చేరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్ మన కొత్త రాష్ట్రం వాళ్ళు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడాం. వాళ్ళ నాలుగింటిలో రెండు పపెట్స్ అనే జాగ్రెబ్‌వాడివి. 10-1 నుంచి 4-1కి నాలుగేళ్ళు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం. మరుసటి ఏడు జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయాడు.

హైదరాబాద్‌లో మెట్లు ఎలా ఉండేవి? బడి, పేట క్లబ్బు, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్. బాగా ఆడితే పోలీసు ఉద్యోగం. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. నిచ్చెన మీద పై మెట్టు సర్కారు జీతం. కలకత్తా క్లబ్బులు అంతకంటే ఎక్కువ డబ్బు చూపించాక 1966లో నయీముద్దీన్, హబీబ్, అఫ్జల్ ముగ్గురూ ఈస్ట్ బెంగాల్‌కు పోయారు. ఎవర్ని తప్పుపడతాం? పోయినవాళ్ళ బదులు హైదరాబాద్‌కు పైసా రాలేదు. ఇక్కడే మనం క్రొయేషియా వైపు చూడాలి. అక్కడ ఆటగాణ్ణి పెంచిన క్లబ్బు అతణ్ణి అమ్ముకుని, ఆ డబ్బుతో తర్వాతి పదిమంది పిల్లల్ని పెంచుతుంది.

లూకా మోద్రిచ్ సంగతి చెప్తే ఇది తేటపడుతుంది. వెలెబిత్ కొండల కింద, వాళ్ళింటి పేరు మీదే ఉన్న చిన్న పల్లె. అక్కడ ఐదేళ్ళ పిల్లోడు కట్టె పట్టుకుని మేకల్ని తోలుతున్న పాత వీడియో ఒకటుంది, చూసే ఉంటారు. తోడేళ్ళ గురించి తీసిన ఫిల్ములో ఏదో సందర్భానికి వాణ్ణి చూపించారు. 1991 డిసెంబరులో, క్రొయేషియా స్వాతంత్య్ర యుద్ధంలో వాళ్ళ తాతను చంపేశారు. మనవడిదీ తాతదీ ఒకే పేరు. కుటుంబం కట్టుబట్టలతో జాదర్ పట్నం చేరింది. శరణార్థులకు విడిదిగా మారిన హోటల్‌లో ఏళ్ళ తరబడి ఉంది. ఆ హోటల్ కార్లు నిలిపే చోట వాడు బంతి తన్నేవాడు. అది చూసినవాళ్ళు జాదర్ క్లబ్బుకు చెప్పారు. యుద్ధం జరుగుతూనే ఉంది, బాంబులు పడుతూనే ఉన్నాయి, క్లబ్బు మాత్రం మూతపడలేదు. ఇష్టమైన హైదుక్ వాళ్ళు బక్కపిల్లోడని వద్దన్నారు. డైనమో జాగ్రెబ్ తీసుకుంది. 2018లో ప్రపంచ కప్పులో అత్యుత్తమ ఆటగాడు, ఆ ఏడే బాలన్ డోర్.

ఇక్కడితో ఆపితే చందమామ కథ అవుతుంది. ఆ నిచ్చెనకు చెదలు కూడా పట్టింది. డైనమో క్లబ్బును ఏళ్ళ తరబడి గుప్పిట్లో పెట్టుకున్న జ్‌ద్రావ్కో మామిచ్ ఆటగాళ్ళ అమ్మకాల డబ్బు మింగాడని 2018 జూన్‌లో కోర్టు ఆరున్నరేళ్ళ జైలు వేసింది. ఆ అమ్మకాల్లో మోద్రిచ్‌దీ ఒకటి. మామిచ్ బోస్నియాకు పారిపోయాడు. ఆ కేసులో సాక్ష్యం తీరు నచ్చక జనం మోద్రిచ్‌నే తిట్టిపోశారు. తీర్పు వచ్చి నెల తిరిగేసరికి అదే జనం జాగ్రెబ్ వీధుల్లో అతణ్ణి భుజాల మీద మోసినంత పని చేశారు. చిన్న దేశం కదా, అందరికీ అందరూ తెలుసు, కోపమూ ప్రేమా దగ్గర్లోనే ఉంటాయి. మన జిల్లా రాజకీయాలు ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు.

1998 సంగతి క్లుప్తంగా ముగిస్తాను. 1991 జూన్‌లో స్వాతంత్య్రం ప్రకటించుకున్నారు, 1992లో ఫీఫాలో చేరారు, ఆరేళ్ళకు ఫ్రాన్స్‌లో జర్మనీని 3-0తో కొట్టారు. కోచ్ బ్లాజెవిచ్ ఫ్రెంచి పోలీసు టోపీ పెట్టుకుని గట్టు మీద తిరిగేవాడు. షూకర్ ఆరు గోల్స్‌తో టోర్నీలో అందరికంటే ముందు నిలిచాడు. ఆ జట్టులో ఇంకొక ఆటగాడు ఇగోర్ ష్టిమాట్స్. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి.

ఇందాక జర్మనీకి పోయిన కూలీల గురించి చెప్పాను. అలా వలస పోయినవాళ్ళ పిల్లలు ఏమయ్యారు? ప్రోసినెచ్కి జర్మనీలో పుట్టాడు. కొవాచ్ అన్నదమ్ములు బెర్లిన్‌లో. రాకిటిచ్ స్విట్జర్లాండ్‌లో. పరాయి దేశాల మంచి గ్రౌండ్లలో, మంచి కోచ్‌ల చేతుల్లో ఆట మొదలుపెట్టి, క్రొయేషియా చొక్కా తొడుక్కున్నారు. వలస పోయిన కడుపు కోత అలా కొంత తీరింది. మన కడప జిల్లా గల్ఫ్ వలసకు ఆ భాగ్యం లేదు. భార్యాబిడ్డల్ని ఇక్కడే వదిలి పోయే వలస అది, డబ్బు వస్తుంది, ఆటగాడు రాడు. యూరప్‌లోనో అమెరికాలోనో పుట్టి పెరిగిన మన సంతతివాళ్ళను ఆడిద్దామన్నా, భారత పాస్‌పోర్టు ఉంటేనే దేశానికి ఆడాలనే నియమం అడ్డం. ఆ నియమం మార్చండని గట్టిగా అడిగింది ఎవరనుకున్నారు? ఆ ష్టిమాట్సే. 2019 నుంచి 2024 దాకా ఆయన మన జాతీయ జట్టు కోచ్. మనల్ని పది గోల్స్‌తో కొట్టినవాళ్ళ గడ్డ నుంచి వచ్చి ఐదేళ్ళు మనకు పాఠం చెప్పాడు. రెండుసార్లు దక్షిణాసియా కప్పు గెలిపించాడు, ప్రపంచ కప్ అర్హత పోటీల్లో బోల్తాపడ్డాడు, ఉద్యోగం పోయింది.

మరి మన సీమలో మెట్లు లేవా? ఉన్నాయి, ఒక్కోటి ఒక్కోచోట. కడపలో 2006 నుంచి వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. పక్కన అనంతపురంలో బార్సిలోనా నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ వాళ్ళ క్రీడాగ్రామం ఉంది, స్పెయిన్ లీగ్ వాళ్ళ తోడ్పాటుతో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. పద్నాలుగు, పదహారేళ్ళ దాకా పిల్లలకు చోటు దొరుకుతుంది. ఆ పైన? డిగ్రీలో చేరి ఆట మానేస్తాడు, లేదా పోలీసు సెలక్షన్ల పరుగు పందేనికి తయారవుతాడు. వారం వారం ఆడే లీగ్ లేదు. క్రొయేషియాలో జిల్లాకొక లీగ్ ఉంటుంది. అందులో కసాయివాడూ బస్సు డ్రైవరూ కూడా ఆదివారం ఆడతారు. పదిహేనేళ్ళ పిల్లోడు వాళ్ళ మధ్య దెబ్బలు తిని రాటుదేలతాడు.

ఆడపిల్లల సంగతి చెప్పకపోతే పొరపాటవుతుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తెలుగు నేల నుంచి ఆ దేశానికి ఆట కోసం పోయిన పిల్ల. తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2025లో జాతీయ ఫెడరేషన్ ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఆమెను ఎంచింది. తండాకూ జాగ్రెబ్‌కూ మధ్య మెట్లు ఆమె ఒక్కో జిల్లాలో, ఒక్కో రాష్ట్రంలో వెతుక్కుంటూ పోయింది.

నిర్వాహకులకు ఒక మనవి. ఈ స్మారక నిధి వడ్డీలో నాకు దారి ఖర్చులు, శాలువా, మెమెంటో, ఈ చిన్న పుస్తకం అచ్చు ఖర్చు పోతాయి. వచ్చే ఏడు ఉపన్యాసం మానేయండి. ఆ డబ్బుతో చుట్టుపక్కల మండలాల బడులకు పన్నెండేళ్ళలోపు పిల్లల లీగ్ పెట్టండి, జూన్‌లో మొదలై జనవరికి ముగిసేలా. ఒక్క రోజు టోర్నమెంటు పెట్టి ఎమ్మెల్యే గారిచేత కప్పు ఇప్పించడం కాదు, వారానికొక ఆట. సగం ఆటలు వాటం కాని కాలితో ఆడించండి. రెఫరీకి బత్తెం, పిల్లలకు బస్సు చార్జీ, ఆట అయ్యాక తలా ఒక అరటిపండు. లెక్క రాసుకొచ్చాను, సభ అయ్యాక కార్యదర్శిగారికి ఇచ్చిపోతాను.