జాబితాలో జాబితా

ఒక గృహస్థు ఇంటి వస్తువుల వెలలతో జాబితా వ్రాసెననుకొందము. అందులో ఒక పెట్టె ఉన్నది. ఆ పెట్టెలోని వస్తువులకు వేరొక జాబితా. వానిలో ఒక బరిణె. దానికి మరియొక జాబితా. కొన్నియేండ్లకు వెలలన్నియు రెట్టింపైనవి. ఈ మార్పును కంప్యూటరుచేత చేయింపవలెనన్న ఎట్లు? మెట్టుమెట్టునకు వేరుగా ఆజ్ఞలు వ్రాసినచో, మూడు మెట్లకు సరిపోయినది నాలుగవ మెట్టు రాగానే చెల్లదు. లోతెంతయో ముందుగా తెలియదు గదా!

ఇట్టి చిక్కే 1958లో అమెరికాలో జాన్ మెకార్తీ అను గణితవేత్తకు ఎదురయ్యెను. బీజగణిత సమాసములకు అవకలనమును కంప్యూటరుచేత చేయింపవలెనని ఆయన సంకల్పము. అట్టి సమాసములలో బ్రాకెట్టులో బ్రాకెట్టు ఒదిగియుండును. నాటి ఫోర్‌ట్రాన్ భాషలో ఒక ప్రమేయము తన్ను తానే పిలుచుకొనుటకు వీలు లేకుండెను. అందుచే ఆయన లిస్ప్ అను భాషను రూపొందించి, 1960లో దాని సిద్ధాంతమును ప్రకటించెను.

లిస్ప్‌లో జాబితా ఎంత పెద్దదైనను దానికి రెండే భాగములు: మొదటి అంశము, తక్కినది. ఇక నియమమును వినుడు. చేతికి వచ్చినది ఖాళీ జాబితాయైనచో ఖాళీ జాబితానే తిరిగి ఇమ్ము. సంఖ్యయైనచో రెట్టింపు చేయుము. అంశములు గల జాబితాయైనచో, మొదటి అంశమునకును, తక్కిన భాగమునకును ఈ నియమమునే వర్తింపజేసి, వచ్చిన ఫలితములను తిరిగి జతపరుపుము. ఇంతే. (1 (2 3) (4 (5))) అనునది (2 (4 6) (8 (10))) అగును. విలువలు మారినవి, లోపలి అమరిక చెక్కుచెదరలేదు.

అయితే ఇందు రెండు జాగ్రత్తలు కలవు. ప్రతి పిలుపునందును పని కొంత తగ్గవలెను. ఆగవలసిన చోటు స్పష్టముగా ఉండవలెను. ఏలయన, లోపలికి పోవు ప్రతిసారియు యంత్రము తిరిగి రావలసిన చోటును గుర్తుంచుకొనవలెను. ఖాళీ జాబితా సంగతి చెప్ప మరచినచో, ఆగుచోటు తెలియక కార్యక్రమము దారి తప్పును. ఒక జాబితా తన్ను తానే అంశముగా కలిగియున్నచో లోతునకు అంతే లేదు. గుర్తులతో మెమొరీ నిండి పని నిలిచిపోవును.

నేడు కంప్యూటరులో ఫోల్డరులోపలి ఫోల్డరులను వెదకుటకు ఈ పద్ధతియే తోడ్పడుచున్నది. లోతు తెలియని చోట పొడవైన ఆజ్ఞలకంటె, ఆగుట తెలిసిన చిన్న నియమమే మేలు.