కొండనిప్పు - నేలసారము



మన అనంతపురం సీమలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన ఎర్రనేలలలో సేంద్రియ కర్బనము స్వల్పము. ఆ కొద్దిపాటి సారమే వాననీటిని పట్టి నిలుపును.

లేతమేతకై వేసవిలో కొండగడ్డికి నిప్పుపెట్టు వాడుక కలదు. ఒక్కమారు కాలిన గడ్డినేల కోలుకొనును. వేళ్లు మన్నుక్రింద బ్రతికియుండును, మిగిలిన బొగ్గు చిరకాలము నిలుచును. కాని ఏటేటా కాల్చినచో ఆకు అలము మన్నులో కలియక పొగయై పోవును; బోడినేలను తొలివాన కోసివేయును. పలుదేశముల నేలలను పరిశీలించి 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, పచ్చికబయళ్లలోను వెడల్పాకుల అడవులలోను తరచు కాలిన చోట్ల, 64 ఏండ్లకు పైమట్టి కర్బనము, నిప్పు సోకని చోట్లకంటె సగటున నూటికి 36 పాళ్లు తక్కువైనది.

గొర్రెలకాపరిని నిందింపరాదు, మేత లేనిదే మంద బ్రతుకదు. కావున గడ్డిని కోసి వామి వేయుటకు ఊరంతయు పూనుకొనవలెను. నిప్పు ఒక్క కారు మేతనిచ్చి, మన బిడ్డల నేలను హరించును.