స్టేడియానికి ముందు మట్టి

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే దారిలో పటాన్‌చెరు వస్తుంది. 1970ల నుంచి అక్కడ ఫ్యాక్టరీలు పెరిగాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. చుట్టుపక్కల చెరువులు, బోర్లు పాడయ్యాయి. అలాంటి చోట మూతపడ్డ ఫ్యాక్టరీ జాగాలో స్టేడియం కడదామంటే? ముందు ఏం చేయాలి? లండన్ అనుభవం చూద్దాం.

లండన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ అని ఒక ప్రాంతం. పాత కార్ఖానాలు, చెత్తకుప్పలు, రైల్వే జాగాలు. 2012 ఒలింపిక్స్‌కు అదే ఎంచుకున్నారు. పునాది కంటే ముందు మట్టి పరీక్ష చేశారు. తవ్వితే నూనె, తారు, సీసం, ఆర్సెనిక్ బయటపడ్డాయి.

ఆ మట్టినంతా లారీలకెత్తి ఊరవతల పోసిరాలేదు. అక్కడే యంత్రాల్లో కడిగారు. అవునండీ, మట్టినే కడిగారు! విషం ఎక్కువగా అంటుకునేది సన్నటి బురదకు. దాన్ని విడదీస్తే ఇసుక, కంకర శుభ్రపడతాయి. అలా చాలా మట్టిని అక్కడే మళ్ళీ వాడారు. భూగర్భ జలాన్నీ శుద్ధి చేశారు. పెద్ద కరెంటు టవర్లు తీసేసి, తీగలను సొరంగాల్లో వేశారు.

అక్కడ బతుకుతున్న వ్యాపారులను మాత్రం ఖాళీ చేయించారు. అందరూ ఇష్టపడి కదల్లేదు. ఆ సంగతి ఒలింపిక్స్ సంబరంలో పెద్దగా వినపడలేదు.

మన జిల్లాలో ఎక్కడైనా పాత ఫ్యాక్టరీ జాగాలో మైదానం అన్నారనుకోండి. గ్యాలరీ ఎంత పెద్దదని తర్వాత అడుగుదాం. మట్టి పరీక్ష చేయించారా? బోరు నీళ్ళు పరీక్ష చేయించారా? ముందు ఆ రిపోర్టులు గ్రామసభలో చదివి వినిపించమని అడగండి.