పాటకచేరీలు - ఒక శ్రోత యనుభవములు



సంగీతమును గూర్చి మాటలాడుటకు నాకుగల యర్హత మిక్కిలి స్వల్పము. నేను గాయకుడను కాను. ఏ వాద్యమును అభ్యసింపలేదు. భాషాప్రవీణ చదివి, పాఠశాలలో ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పి, నేడు ఆమదాలవలసలో విశ్రాంతిగా నున్నవాడను. అయినను ఎచ్చటనైన మనుష్యులు మనుష్యుల యెదుట నిలిచి పాడుచున్నారని వినినచో అచ్చటికి పోవక నిలువజాలని వ్యసనము పదునాలుగేండ్ల ప్రాయమున నాకు పట్టినది. ఇప్పటికిని వదలలేదు. నేను వినినవానిలో శాస్త్రసంగీతసభలు కొన్ని కలవు. అంతకు పదిరెట్లు సినిమాపాటల కచేరీలు. మన పల్లెలలో వీనిని 'ఆర్కెస్ట్రా' యందురు. గోడపత్రికలలో 'మ్యూజికల్ నైట్' అని వ్రాయుదురు. పండితుడవై యుండియు నిదేమి రుచి యని నన్ను పరిహసించిన మిత్రులు కలరు. వారికి నేను చెప్పిన సమాధానమునే మొదట మీకును మనవి చేసెదను.

మన యుత్తరాంధ్రమున సినిమాపాటకును శాస్త్రసంగీతమునకును నడుమ గోడ కట్టుట సాధ్యము కాదు. విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసినది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి యధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచ్చటనే వాయులీనమును బోధించి, 1936లో అధ్యక్షులైరి. ఆ కళాశాలలోనే పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడై, మధూకరము చేసికొని కడుపు నింపుకొనుచు చదివిన బాలుడు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు. విజయనగరమున పుట్టి, ఆ కళాశాలలోనే సంగీతము నేర్చినవారు పి. సుశీలగారు. మల్లీశ్వరి (1951) చిత్రమునకు సంగీతము కూర్చిన సాలూరి రాజేశ్వరరావుగారు సాలూరు ప్రాంతపు బిడ్డలు. ఒకే నూతి నీటిని ఒకరు రాగిచెంబుతోను, ఒకరు మట్టికుండతోను తోడుకొనిరి. దాహము తీరినదా లేదా యన్నదే నాకు ప్రధానము.

ఘంటసాలవారిని నేను కన్నులార చూడలేదు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన వారు దివంగతులైన వార్త మాకు పంచాయితీ రేడియోలో వినవచ్చెను. ఆ వేసవిలో ఒక గ్రామదేవత పండుగలో తొలి పాటకచేరి వింటిని. మావంటి పల్లెవాండ్రకు అంతవరకు సినిమాపాట యనగా రేడియో, గ్రామఫోను, టూరింగు టాకీసు, ఈ మూడే. మూడింటిలోను పాడువాడు కనబడడు. టాకీసులో పెదవులు కదల్చువాడు వేరొకడు గదా. ఆ రాత్రి వేదికపై తెల్లచొక్కా తొడిగి, నూనె రాసి తల దువ్వుకొనిన యొక సామాన్య యువకుడు పాటలపుస్తకమును ఎడమచేత పట్టుకొని నిలిచి, గొంతు సవరించుకొని, మేము నూరుసార్లు వినిన పాటనే యెత్తుకొనెను. పాట మనుష్యకంఠమునుండి వచ్చుననియు, దానికి ఊపిరి కావలెననియు, పైస్థాయి నందుకొనునప్పుడు మెడనరము ఉబ్బుననియు నాకు నాడు తెలిసెను. చరణము చివర వాని స్వరము కొంచెము జారెను. రేడియోలో ఎన్నడును జారదు. జారినప్పుడు నా ప్రక్కనున్న ముసలాయన 'అయ్యో' అని తన గొంతునే పట్టుకొనెను. రెండవ చరణమున వాడు దానిని సరిగా నిలిపినప్పుడు, తన కుమారుడు పరీక్ష నెగ్గినట్లు ఆ ముసలాయన నలుప్రక్కలకు తిరిగి చూచెను.

అటు తరువాత శ్రీకాకుళము, బొబ్బిలి, విజయనగరము, పలాస, ఎచ్చట కచేరి యన్నను సైకిలుమీదనో రైలుమీదనో పోవుచుంటిని. మా ఊరి స్టేషనునకు శ్రీకాకుళం రోడ్ అని పేరు. శ్రీకాకుళమునకు పోవలసిన వారందరును మాయొద్ద దిగవలసినవారే గనుక, వాద్యకారుల రాకపోకలు నాకు దర్శనములే. మొదటి దినములలో హార్మోనియము, అకార్డియను, తబలా, డోలకు, కాంగోలు ఉండెడివి. పిమ్మట గిటారు చేరెను. ఆ మీదట కీబోర్డు వచ్చి, నలుగురి పనిని తానొక్కటే చేసి ముగ్గురిని ఇంటికి పంపెను. ప్రతి బృందమునకును ఒక ఘంటసాల యుండును. సుశీలగారి పాటలను, జానకిగారి పాటలను ఒక్క యమ్మాయియే పాడవలెను. నడిరేయి దాటిన తరువాత నిద్ర తేల్చుటకు పక్షుల కూతలు, రైలు చప్పుడు అనుకరించువాడొకడుండును. 1980 తరువాత ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి పాటలు పాడువానికే ముందుపీట.

ఈ కచేరీలలో నాకు మిక్కిలి ప్రియమైనది చీటీల పద్ధతి. తమకు కావలసిన పాట పేరు కాగితపు ముక్కపై వ్రాసి వేదికకు పంపుదురు. 'ఫలానావారి కోరికపై' అని చదివి పాడుదురు. వ్రాయనేరని వృద్ధురాలు బడిపిల్లవానిచేత వ్రాయించి పంపుటయు, ఆ పిల్లవాడు ఆమె కోరిన భక్తిపాటకు మారుగా తాను కోరిన హుషారు పాటను వ్రాయుటయు నేను చూచితిని. కుర్రవాండ్ర చీటీల నడుమ ఏ పెద్దాయనయో 'ఒక పద్యము' అని మాత్రమే వ్రాసిన చీటీ తప్పక వచ్చును. ఏ పద్యమో చెప్పడు. పద్యమైన చాలును. గాయకుని సత్తువ అచ్చటనే తేలును. పద్యము చివర రాగము తీయునప్పుడు తబలా నిలిచిపోవును. అండ యేదియు లేదు. మన పద్యనాటకముల 'వన్స్ మోర్' అలవాటు ఆర్కెస్ట్రాకును సంక్రమించినది. నాటకములో చనిపోయి పడియున్న పాత్రధారి, సభవారి కేకలకు లేచి, పద్యము మరల పాడి, మరల చనిపోవుట మీలో చూడనివారుండరు. పాశ్చాత్యులును కచేరి ముగిసిన తరువాత గాయకులను పిలిచి పిలిచి మరియొక పాట పాడించుకొందురు. కాని మనవలె చచ్చినవానిని లేపరు.

ఒక రాత్రి సంగతి చెప్పవలెను. 1981వ సంవత్సరము, వంశధార యొడ్డున నొక గ్రామము. వేయిమందికి తక్కువ లేరు. పాట నడుమ కరెంటు పోయెను. దీపములారెను. మైకు మూగవోయెను. ఈలలు, కేకలు. తబలావాడు మాత్రము చేయి నిలుపలేదు. పాడుచున్న యమ్మాయి మైకును విడిచి, చీకటిలో తడవుకొనుచు వేదిక యంచునకు వచ్చి, వట్టిగొంతుతో పాట సాగించెను. ముందువరుసలవారు మాట మానిరి. వారి వెనుకనున్నవారికి వినబడలేదు. తమ వెనుకవారిని 'ఊరకుండుడు' అని గద్దించిరి. ఆ గద్దింపు వరుస వెంబడి వరుసగా చింతతోపువరకు పోయెను. రెండవ చరణము నాటికి ఊరిచివర కుక్క మొరుగుట వినబడుచుండెను. మైకు లేని కాలమున నారాయణదాసుగారు గజ్జె కట్టి తెల్లవార్లు హరికథ యెట్లు వినిపించిరో యని నాకు చిరకాలముగ నున్న సందేహము ఆ రాత్రి తీరెను. వారి కంఠము సింహగర్జనమే, సందేహము లేదు. సభవారును తమవంతు పని చేసియుందురు.

అందుచేత మైకు చెడ్డదని నేననను. మైకు రాకపూర్వము ముందు కూర్చుండగలవారికే పాట దక్కెడిది. ముందు కూర్చుండువారెవరో మీకు నేను చెప్పనక్కరలేదు. పేటలవారు, పశువుల కాపరులు, బిడ్డలతో వచ్చిన స్త్రీలు దూరమున చెట్లక్రింద నిలిచి, వినబడినంత వినిరి. లౌడుస్పీకరు వచ్చి, చింతచెట్టు క్రిందివానికిని కరణముగారికిని ఒకే పాటను సమానముగా పంచిపెట్టెను. ఏ సంస్కర్తయు ఒక్క రాత్రిలో ఇంత చేయలేదు.

విదేశముల ముచ్చట రెండు మాటలలో చెప్పెదను. 'రాక్' అని యువకులు చెప్పు సంగీతము అమెరికాలో 1950 తరువాత ప్రబలిన బాణీ; విద్యుత్తుతో మ్రోగు గిటారులు, గట్టి దరువు దాని లక్షణములు. బీటిల్సు అను నలుగురు ఆంగ్ల యువకులు 1965 ఆగస్టు 15న న్యూయార్కు నగరములో షే అను క్రీడాస్థలమున పాడిరి. వచ్చినవారు 55 వేలకు పైబడిరి. జనుల కేకలలో, అధికముగా బాలికల కేకలలో, పాట మునిగిపోయెను. పాడువారికే తమ పాట వినబడలేదు. నాటి యంత్రముల బలము అంతటి జనమునకు చాలదు. మరుసటి సంవత్సరము ఆగస్టుతో వారు ఊరూర తిరిగి పాడుటనే మానుకొనిరి. జనము చాలినంత కలదు, ధనము కలదు, వినువాడు లేడు. ఇక 1971 ఆగస్టు 1వ తేదీన అదే నగరమున, తూర్పు బెంగాలు కాందిశీకుల సహాయార్థము, పండిత రవిశంకరుగారును, బీటిల్సులో నొకరైన జార్జి హారిసనుగారును కలిసి సభ చేసిరి. రెండు ఆటలకు 40 వేలమంది వచ్చిరి. రవిశంకరుగారు సితారును, అలీ అక్బర్ ఖానుగారు సరోదును, అల్లారఖాగారు తబలాను శ్రుతి చేసికొనుచుండగా, అదే పాటయనుకొని సభవారు కరతాళధ్వనులు చేసిరి. శ్రుతి చేయుటయే మీకింత నచ్చినచో వాద్యము మరింత నచ్చునని యాశించెదనని రవిశంకరుగారు నవ్వుచు పలికిరి. ఆ సభ చలనచిత్రముగా నిలిచియున్నది, నేను చూచితిని. మన పల్లెలలో నట్లు జరుగదు. తబలాకు సుత్తి తగిలించుచుండగా 'ఇంకెంతసే పండి' అని యరచువారే గాని చప్పట్లు కొట్టువారు లేరు.

నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పినది వేరొకటి. పది పదునైదేండ్లుగా మన పండుగలలో ఆర్కెస్ట్రాలు సన్నగిల్లినవి. వాని స్థానమున 'డీజే' వచ్చినది. లారీపై మనిషి యెత్తు పెట్టెలు పేర్చి, ఎన్నడో పట్టిన పాటను మ్రోగింతురు. పాడువాడు లేడు, వాయించువాడు లేడు, మీట త్రిప్పువాడొకడు. పదిమంది వాద్యకారులకు భోజనము, బస, ప్రయాణపు ఖర్చు ఇచ్చుటకంటె నిది చౌక యని చందాలు పోగుచేయువారు చెప్పుదురు. లెక్క సరియే. ఆ ధ్వని చెవికి తగులుటకు ముందు ఎదురొమ్మునకు తగులును. గుండెజబ్బు కలవారును, బాలింతలును ఆ మూడు రోజులు బంధువుల యూళ్ళకు పోవుట నే నెరుగుదును. పండుగకు ఊరికి రావలసినవారు ఊరు విడిచిపోవుచున్నారు. నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు మించరాదని శాసనము. రాత్రి పదిగంటలు మొదలు ఉదయము ఆరుగంటలవరకు ఆరుబయట లౌడుస్పీకరు మ్రోగరాదని 2000వ సంవత్సరపు నియమములలో నున్నది. పండుగలకై ప్రభుత్వము సంవత్సరమునకు పదునైదు దినములు మించకుండ నడిరేయివరకు సడలింప వచ్చును. ఈ నియమము పెద్దల చేతిలో నొక కర్ర వంటిది. ఎవరును దానిని తీసికొనుట లేదు. ఎందుకనగా యువకులతో తగవు.

యువకులతో తగవు పెట్టుకొనవలెనని నేనును చెప్పను. వారికి కావలసినది పాట, ఆట, పదిమంది నడుమ కలుగు నుత్సాహము. నాకును ఆ వయస్సున అవియే కావలసియుండెను. కాని వారిలో పెక్కుమంది యెదురుగా మనిషి పాడగా వినియే యెరుగరు. చిరుతిండి మాత్రమే తినిన పిల్లవానిని అన్నము రుచి యడిగిన నేమి చెప్పును? నేనెరిగిన తబలా వాద్యకారు డొకడు ఇరువదియైదేండ్లు వాయించి, నేడు ఆటో నడుపుచున్నాడు. సుశీలగారి పాటలకు మా ప్రాంతమున పేరుపడిన గాయని కుట్టుపని చేసికొనుచున్నది. వారి బిడ్డలెవరును ఈ వృత్తికి రాలేదు. ఈ తరము చేయి ఆగినచో, తరువాత ధనమిత్తుమన్నను వాయించువారుండరు. జముకులకథ చెప్పువారి విషయమున మనకిది జరుగుచునే యున్నది. తప్పెటగుళ్ళు యాదవ సోదరుల పట్టుదలవలన మిగిలినవి.

మా వీధిలో గత మాసమున పండుగ లెక్కలకై పెద్దలు కూడినప్పుడు నేను చెప్పిన మాటలివి. డీజేకు తీసిపెట్టిన సొమ్మునకు కొంత కలిపి ఒక్క రాత్రికి చిన్న బృందమును పిలువుడు. కీబోర్డు ఉండనిండు గాని, తబలాయు డోలకును మనుష్యులే వాయింపవలెనని ముందుగా మాటలాడుకొనుడు. ఏడుగంటలకు మొదలిడి పదిగంటలకు ముగింపుడు. తప్పెటగుళ్ళవారికి మొదటి యరగంట నిండు. పెట్టెలు రెండు చాలును. వానిని సభవైపు త్రిప్పి, కొంచెము క్రిందికి వంచి కట్టినచో వీధులలోనికి పోవు చప్పుడు తగ్గును. పెద్దలు మొదటి పాటకు తల చూపి లేచిపోవక, కడవరకు కూర్చుండవలెను. పెద్దలు లేచిపోయిన సభలో పద్యమునకు చీటీ పంపువాడుండడు.

కొందరు సరే యనిరి. కొందరు తలలు వంచుకొనిరి. ఒక యువకుడు మాత్రము, 'మాస్టారూ, కొత్త పాటలు కూడ పాడుదురా?' అని యడిగెను. పాడుదురంటిని. 'అయితే నేను నా స్నేహితులను తీసికొనివత్తును' అనెను. లెక్క ఇంకను తేలలేదు. ఆదివారము మరల కూడుదుము.

మీ గ్రామములలో నిట్టి యేర్పాటు చేయదలచినవారికి ఒక్క మనవి. బృందమువారికి కచేరికి ముందే భోజనము పెట్టుడు. నిండుకడుపుతో పాడలేమందురేమో, కొంచెముగా తిందురు. మాటలాడుకొనిన సొమ్మును ఆ రాత్రియే, వాద్యములు మూట కట్టకముందే, పూర్తిగా చేతిలో నుంచుడు. సగము సొమ్ముతో మా స్టేషనులో తెల్లవారుజాము బండికై కూర్చున్న వాద్యకారులను నేను పెక్కుమారులు చూచితిని. అట్టివారు మరుసటి సంవత్సరము పిలిచినను ఆ యూరికి రారు.