భవనముల పటములు – వానిపై హక్కులు



ఉద్దానపు కొబ్బరితోటల నడుమ పాతకాలపు మండువా లోగిలి యొకటి గలదనుకొనుడు. పలాసనుండి వచ్చిన యువకుడు వీథిలో నిలిచి దాని ఛాయాచిత్రమును దీసి, ప్రతులు వేయించి, టెక్కలి బజారులో నమ్మును. "నా యింటిని జూపి వాడు సొమ్ము చేసికొనుటయా?" యని యజమాని మీయొద్దకు వచ్చును. అప్పుడు మీరేమి చెప్పవలెను? ఆ విషయమునే నేడు మనవి చేయుదును.

1957 నాటి కాపీరైటు చట్టము కళారూపముగల కట్టడమును కళాకృతిగా నెంచినది. కాని కట్టడమును చిత్రించుటయు, ఛాయాచిత్రము దీయుటయు, దానిని ప్రచురించుటయు ఆ హక్కునకు భంగము కాదని 52వ సెక్షను చెప్పుచున్నది. కావున వీథిలో నిలిచి తీసినవానిని దొంగ యనరాదు. వాని కెమెరాను లాగికొనుట న్యాయము గాదు. నలుగురు తిరుగుచోట శాశ్వతముగా నిలిపిన విగ్రహములకును ఇదియే నియమము.

గోడమీది రంగుల బొమ్మ సంగతి వేరు. రామమందిరపు గోడపై జీవించియున్న చిత్రకారుడు వ్రాసిన బొమ్మ కీ మినహాయింపు లేదు. దానినే పటముగా దీసి యమ్మదలచినవాడు చిత్రకారుని యనుమతి పొందవలెను.

పటము దీయుట వేరు, లోనికి వచ్చుట వేరు. తన యావరణలో నడుగిడవలదని చెప్పుటకు గృహస్థునకు హక్కు గలదు. మందస వాసుదేవాలయమువంటి దేవస్థానములలో నక్కడి కట్టుబాటును మన్నింపవలెను. శ్రీముఖలింగ దేవాలయములు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నవి. అట్టిచోట్ల చలనచిత్రము దీయుటకు 1959 నాటి నియమముల ప్రకారము అనుమతిపత్రము కావలెను.

ఇంకొక సూక్ష్మము. ముంబయిలోని తాజ్ మహల్ ప్యాలెస్ హోటలు తన భవనరూపమును 2017లో వ్యాపారచిహ్నముగా నమోదు చేయించుకొన్నది. అట్టి రూపమును మన జీడిపప్పు డబ్బాపై ముద్రగా వేసికొనుట వివాదమునకు దారితీయును. ముందుగా నడుగుట క్షేమము.

పటముపై హక్కు సామాన్యముగా తీసినవానిదే. అయితే గృహస్థుడు సొమ్మిచ్చి తన యింటి పటము దీయించుకొన్నచో, వేరొక యొడంబడిక లేనియెడల, ఆ హక్కు గృహస్థునిదగును. అందుచేత పనికి ముందే రెండు ముక్కలు కాగితముపై వ్రాసికొనుడు.

అడిగి తీయుట మర్యాద. ఆ మర్యాదను మన పిల్లలకు నేర్పుదము. కాని మర్యాదనే చట్టమని చెప్పి యొకని జీవనమునకు అడ్డు రాకుందము.