కప్పు ఎత్తునాటి జాగ్రత్త

ఇల్లు కట్టించువారు గోడలు లేచునంతవరకు దినదినమును వచ్చి చూతురు. కప్పుపని వచ్చుసరికి, “వడ్రంగి చూచుకొనును” అని ఊరకుందురు. పనివారి ప్రాణములకు ఎక్కువ అపాయము అప్పుడేనని మేము మనవి చేయుచున్నాము.

పెంకుటింటి కప్పును మోయు త్రికోణపు కొయ్యచట్రమును ట్రస్సు అందురు. అడుగున దూలము, ఇరువైపుల వాలుకర్రలు, నడుమ నిలువుకర్ర దాని అంగములు. పైబరువునకు వాలుకర్రలు వెలుపలికి జరుగజూచును; దూలము వానిని లాగి పట్టును. నడిమి కర్ర దూలముపై నిలిచినట్లు కనబడును గాని, నిజమునకు శిఖరమునుండి వ్రేలాడుచు దూలమును వంగనీయదు. కావున అటక కొరకో, పంకా కొరకో ఏ అంగమును కోయరాదు.

ఇట్టి చట్రము నిలువు బరువును చక్కగా మోయును. ప్రక్కనుండి త్రోసినచో మాత్రము నిలువబెట్టిన పేకముక్క వలె ఒరుగును. వెల్లకిల పట్టి మోసినచో వంగి అతుకులు సడలును. అందుచే దానిని నిటారుగానే ఎత్తి, రెండు ప్రక్కల త్రాళ్లతో అదుపు చేయవలెను. గాలి వీచునపుడు ఎత్తరాదు. క్రింద ఎవ్వరును నిలువరాదు.

మొదటి ట్రస్సే అన్నింటికి ఆధారము. దానికి ఇరువైపుల ఏటవాలు ఊతలు గట్టిగా బిగించిన పిమ్మటనే రెండవది ఎత్తవలెను. ట్రస్సుకును ట్రస్సుకును అడ్డపట్టెలు మాత్రమే కొట్టి తృప్తిపడరాదు. అవి ఎడమును కాపాడునే గాని, అన్నియు కలిసి ఒకే దిక్కునకు ఒరుగుటను ఆపజాలవు. మూలనుండి మూలకు ఏటవాలు బద్దలు వేసినపుడే వరుస కదలక నిలుచును. శాశ్వతపు బిగింపులు పూర్తియగువరకు తాత్కాలికపు ఊతలను తీయరాదు.

పెంకుల విషయము. మంగుళూరు పెంకులును, వాని పట్టెలును కలిసి చదరపు మీటరునకు సుమారు 65 కిలోల బరువు. వానిని ఒకచోట కుప్పవేయక, రెండు వాలులకును సమముగా, చూరునుండి పైకి పరచుకొనుచు పోవలెను.

ఇక గాలి. అది కప్పును క్రిందికి నొక్కుటయే కాదు, పైకి లేవనెత్తును కూడ. భారత ప్రమాణములు హైదరాబాదునకు సెకనుకు 44 మీటర్ల గాలివేగమును లెక్కలోనికి తీసికొనుమనగా, విశాఖపట్టణమునకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు, తీసికొనుమన్నవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను చేసిన పని విశాఖవాసులు మరువరు. కనుక ట్రస్సు కొనలను గోడపై ఊరక ఆనించక, గోడలో దిగవేసిన ఇనుప బోల్టులతో బిగింపవలెను.

గృహస్థులారా! ఊతకర్రలు చివరకు తీసివేయునవే గదా, వానికై ఖర్చేల అని కొందరందురు. నాలుగు కర్రలును, ఒక పూట కూలియు ఆదా చేయబోయి, మీ ఇంటిపై ఎక్కిన మనుష్యుని ప్రాణమును పణమొడ్డకుడు. త్వరపెట్టువారు సామాన్యముగా యజమానులే. నిదానింపుమని చెప్పవలసినవారును మీరే.