హార్లెం పేటలోని ఛార్టరు పాఠశాలలు

పంచాయతీ సభ్యులారా!

అమెరికాలో ప్రభుత్వ ధనముతో, ఫీజు లేకుండ నడచుచు, నిర్వహణలో కొంత స్వేచ్ఛగల బడులను ఛార్టరు పాఠశాలలందురు. 1991లో మిన్నెసోటా రాష్ట్రము వీటికి తొలి చట్టము చేసినది. న్యూయార్కు 1998లో చేసినది. న్యూయార్కు నగరపు హార్లెం పేటలో జెఫ్రీ కెనడా నాయకత్వమున 2004లో ప్రామిస్ అకాడమీ వెలసినది. అనుమతి ఐదేండ్లకే యిత్తురు. పిల్లలకు చదువు రానిచో దానిని పొడిగింపక బడిని మూయవచ్చును.

సీట్లకంటె దరఖాస్తులు హెచ్చైనచో చీట్లు తీసి చేర్చుకొందురు. చీటీ రాని బిడ్డ గతి యేమి? పేటలోని తక్కిన ప్రభుత్వ పాఠశాలలు కూడ బాగుపడిననే ఆ బిడ్డకు మేలు.

మన గ్రామమున బడిలో చేరుటకు చీటీతో పనిలేదు. మేము కోరునది ఒక్కటే: ఐదేండ్లు ఆగక, ప్రతి మాసము బడికి పోయి, పిల్లలచే చదివించి వినుడు.